కాప్ హెర్మెలిటో ఇచ్చిన ఊపిరి

"మన పేటలో గాలి అందక ఒక్క ప్రాణం కూడా పోవడానికి వీల్లేదు! ఇది నా శాసనం!"

ఈ మాట అన్నది మా బరంగాయ్ కెప్టెన్, అంటే మా పేటకి ఎన్నికైన పెద్ద, హెర్మెలిటో. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి మైకులో అన్నాడు. ఎన్నికలు ఆరు వారాల్లో ఉన్నాయి మరి! ఆ ఒక్క ప్రాణం నాదే కాబట్టి జనమంతా నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మన ప్రాణం గురించి అంత పెద్దమనిషి మాట్లాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడితే ఏం మర్యాద!

సంగతేమిటంటే, నాకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. గంటకి నలభై సార్లు ఆగుతుందని డాక్టరమ్మ తేల్చింది. తొమ్మిదేళ్లుగా మూతికి మాస్కు తగిలించుకుని, సీపాప్ యంత్రం గొట్టంలోంచి తోసే గాలితో నిద్రపోతున్నాను. మొన్నామధ్య దాని మోటారు చచ్చింది. అప్పట్నుంచి పగలంతా తూలడమే. చర్చిలో ఆర్గన్ వాయించేది నేనే. ఫాదర్ ఉపదేశం మంచి పట్టులో ఉండగా కునుకు పట్టి, రెండు మోచేతులూ మీటల మీద వేసి పడిపోయాను. ఆ మోతకి ముందు వరసలో ముసలమ్మలు ప్రళయం వచ్చిందనుకుని మోకాళ్ల మీద పడ్డారు. వాళ్లు తర్వాత నవ్వుకున్నారు గానీ డాక్టరమ్మ నవ్వలేదు. "ఇంకో నెల ఇలాగే ఉంటే గుండె మీదికి వస్తుంది మాస్టారూ" అంది. నాకు భయం వేసింది. బాగా వేసింది.

రిటైరైన సంగీతం మాస్టారికి కొత్త యంత్రం కొనే తాహతు ఎక్కడిది? కాప్‌కి అర్జీ పెట్టుకున్నాను. కెప్టెన్‌ని మేమంతా కాప్ అనే పిలుస్తాం. అర్జీతో పాటు 'ఇతడు బీదవాడు' అనే ధ్రువపత్రం కావాలన్నారు. నలభై ఏళ్లుగా ఇస్త్రీ చొక్కా తొడిగి బీదరికం దాచుకున్నవాణ్ణి, ఆ రోజు పనిగట్టుకుని నలిపిన చొక్కా వేసుకు వెళ్లాను. కాప్ చూసి సంతోషించి సంతకం చేశాడు. "యంత్రం నేనే స్వయంగా ఎంపిక చేస్తాను" అని ఇలోయిలో నగరానికి తన వ్యానులో ఎక్కించుకుపోయాడు. వ్యాను రెండు తలుపుల మీదా కాప్ ముఖమే నవ్వుతోంది. మా పేటలో అంబులెన్సు, చెత్తబండి, వరదసాయం బియ్యం సంచి, బాస్కెట్‌బాల్ బోర్డు, అన్నిటి మీదా ఆ నవ్వే.

దుకాణంలో అమ్మాయి మూడు యంత్రాలు బల్ల మీద పెట్టింది. మొదటిది డాక్టరమ్మ చీటీలో రాసింది, రొట్టెముక్కంత ఉంది.

"ఇది తీసుకోండి సార్. చప్పుడు ఉండదు. మీ ఊపిరిని బట్టి గాలి తనే సర్దుకుంటుంది."

కాప్ దాన్ని అటూ ఇటూ తిప్పి, జేబులోంచి కొలత టేపు తీశాడు.

"ఏం లాభం ఇందాయ్, చెప్పమ్మా! దీని మీద నా ముఖం పట్టదు. చెవులు కోసెయ్యాలి."

"ముఖం దేనికి సార్?"

"ఊపిరి ఇచ్చిందెవరో పీల్చేవాడికి తెలియొద్దూ?"

రెండోది గుండ్రంగా ఉంది. దాని మీద అంటిస్తే బుగ్గలు ఉబ్బినట్టు కనపడతాయని తోసేశాడు. మూడోది పాతరకం. బూట్ల పెట్టెంత ఉంది, నాలుగు వైపులా చదును. అది చూడగానే కాప్ కళ్లు మెరిశాయి.

"కాప్, అది బాగా మోత చేస్తుందేమో!" అని గొణిగాను.

"నోంగ్ తెర్యో! నువ్వు నిద్రపోతుంటావు కదా, నీకేం వినపడుతుంది?"

నోంగ్ అంటే అన్నగారు. అంత మర్యాదగా అడ్డం కొట్టాక ఇంకేం మాట్లాడతాం!

శనివారం సాయంత్రం బాస్కెట్‌బాల్ కోర్టులో సభ. ఇరవై అడుగుల బ్యానరు మీద 'ఇది కాప్ హెర్మెలిటో ఇచ్చిన ఊపిరి!' అని రాయించారు. వేదిక మీద మడతమంచం వేశారు. కార్యక్రమ పత్రంలో ఆరో అంశం: 'లబ్ధిదారుడు ఉపకరణమును వినియోగించు విధానము, ప్రత్యక్ష ప్రదర్శన'. లబ్ధిదారుణ్ణి నేనే. వెళ్లి పడుకున్నాను. సెక్రటరీ రోవెలిన్ మాస్కు పెట్టి, పట్టీలు నా తల వెనక బిగించి ముడేసి, మీట నొక్కింది. యంత్రం మూలిగింది. గాలి మాత్రం రాలేదు!

తల తిప్పి చూశాను. కాప్ ముఖం యంత్రం పైనుంచి వెనక దాకా నిండుగా అతికి ఉంది. యంత్రం గాలి లాక్కునే జల్లెడ వెనకే ఉంటుంది. సరిగ్గా దాని మీద కాప్ చిరునవ్వు పడింది.

చేతులు ఆడించాను.

"చూడండి, ఆనందం పట్టలేకపోతున్నాడు!" అన్నాడు కాప్ మైకులో. చప్పట్లు మోగాయి.

కాళ్లు కొట్టుకున్నాను. బ్యాండువాళ్లు హుషారు పాట ఎత్తుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కృతజ్ఞత! అచ్చమైన కృతజ్ఞత!"

మా ఆవిడ పెలాజియా లేచి అరిచింది. "కృతజ్ఞతా నా మొహమా! ఆయన నీలంగా మారిపోతున్నాడు, కాప్!"

కాప్ వంగి చూశాడు. నేను స్టిక్కర్ వైపు వేలు చూపించాను. ఆయనకి అర్థమైంది. మైకు పక్కకి పెట్టి నా చెవిలో మెల్లగా అన్నాడు.

"తెలుసు నోంగ్, తెలుసు. ఫోటో అయ్యేదాకా ఊపిరి బిగబట్టు."

చెయ్యి చాపాను. స్టిక్కర్‌లోని కాప్ గడ్డం కింద గోరు దూర్చి చెవి దాకా చర్రున లాగాను. గాలి వచ్చింది! నెల రోజుల తర్వాత గుండె నిండా గాలి!

"అయ్యో, ముఖం! ముఖం!" అంటూ రోవెలిన్ పరిగెత్తుకొచ్చింది. నా ముఖం గురించి కాదు.

"ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశావు నోంగ్. ముఖం లేకుండా పంపిణీ చేసినట్టు రికార్డు అవదు. వెనక్కి తీసుకుపోవాల్సిందే" అన్నాడు కాప్.

యంత్రాన్ని రెండు చేతులా కావిలించుకున్నాను. ఒళ్లు మండిపోయింది. మాస్కులోంచే అరిచాను.

"ముఖమే కావాలంటే నా నుదుటి మీద అంటించుకో! దీన్ని ముట్టుకున్నావో ఊరుకోను!"

నేను తిట్టాననుకున్నాను. కాప్ మాత్రం నా బట్టతల కేసి చాలా శ్రద్ధగా చూశాడు.

"రోవెలిన్, చిన్న సైజుది ఉందా?"

ఉందట. చల్లగా వచ్చి నుదుటి మీద పడింది. ముడతలు రాకుండా ఆ అమ్మాయి అరచేత్తో రుద్దింది. "లేవండి, సిగ్గులేకపోతే సరి!" అని కింద నుంచి పెలాజియా అరుస్తోంది. కెమెరావాడు దగ్గరికి వచ్చాడు.

"కదలకు నోంగ్" అన్నాడు కాప్.

గొట్టంలోంచి గాలి ధారగా వస్తోంది. నేను కదల్లేదు.