మిరప కోల్డు స్టోరేజీలో మంచు హాకీ

ముందే మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తులు ఎక్కడైనా జారిపోయి ఉంటే మీరే తెచ్చి తగిలించుకోండి. మిరపకాయకు తొడిమ తీసినట్టు ఒక్కో మాటా ఒలుచుకుంటూ రాస్తాను కాబట్టి ఆలస్యం కూడా అవుతుంది. ఈ సంగతి జరిగి ఏళ్లు గడిచాయి. సగం ఆలస్యం నాది, మిగతా సగం దిద్దిపెట్టిన మా ఎలీసమ్మ టీచరుగారిది.

కరోనా రెండో ఏడాదిలో మా కాలేజీ అమ్మాయిల మంచు హాకీ జట్టు ఒక్క ఓటమి కూడా ఎరగకుండా కప్పు గెలిచిందని సవినయంగా తెలియజేస్తున్నాను.

మా కాలేజీ అనడం నా చనువు. చైర్మన్ రామకాంత్ గారికి హైవే పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, దాని వెనకే మిరపకాయల కోల్డు స్టోరేజీ ఉంది. ముందుదాంట్లో నా మనవరాలు బిందుమాధవి చదివేది. వెనకదాంట్లో నేను తొడిమలు తీసేదాన్ని. రెండింటికీ ఒకటే గేటు, ఒకడే వాచ్‌మన్. సరుకును లోపల పెట్టి మంచి ధర వచ్చేదాకా ఆగడం రెండుచోట్లా ఒకటే పద్ధతి.

మంచు అంటే మా వైపు మార్గశిరంలో గడ్డి మీద పడేదే. అయినా చైర్మన్ గారికి దూరదృష్టి ఎక్కువ. జట్టును ప్రారంభిస్తూ ఆయన ఇలా సెలవిచ్చారు: "క్రికెట్టు లక్షమంది ఆడతారు. అందులో మనం మొదటికి రావాలంటే ఎన్ని తరాలు పడుతుంది? ఎవరూ పరుగెత్తని వీధిలో పరుగెత్తండి, మొదటి బహుమతి మీదే! అందులోనూ అమ్మాయిల జట్టు పెడితే ఆ వీధిలో కుక్క కూడా ఉండదు! పైగా ఇది కరోనా కోసమే పుట్టిన ఆట. కర్ర పొడవు ఐదడుగులు. కర్ర చాచితే దూరం దానంతటదే వస్తుంది. మొహానికి జాలీ ఎటూ ఉంది. ప్రభుత్వం ఇప్పుడు చెబుతున్నవన్నీ ఈ ఆట ఎప్పుడో చెప్పింది!"

ఉపన్యాసం మధ్యలో ఆయనకు దగ్గు వచ్చింది. పక్కనే టిక్కీలున్నాయి కదా, ఘాటు. టిక్కీ అంటే కాయల బస్తా, తెలియనివారి కోసం చెబుతున్నాను. అందరం ఓపిగ్గా ఆగి, దగ్గు కాగానే చప్పట్లు కొట్టాం.

స్టోరేజీలో మూడో గది ఖాళీ చేశారు. టిక్కీలను గోడల పొడవునా మెట్లు మెట్లుగా పేర్చారు. ప్రేక్షకులకు అనుమతి లేదు కాబట్టి గ్యాలరీ నిండా మిరపకాయలే కూర్చున్నాయి. సింగరాయకొండ వైపు రొయ్యలకు మంచు చేసే ఫ్యాక్టరీ నుంచి లారీలో మంచుదిమ్మలు తెప్పించి నేలంతా పరిచారు. రొయ్యల వాసన, మిరప ఘాటు కలిసేసరికి ఆ గదిలో అడుగుపెడితే ఆట కంటే ముందు అన్నం గుర్తొచ్చేది.

మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే జోళ్లు ఎక్కడా దొరకలేదు. వెల్డింగ్ షాపు మాబు సాహెబ్ కొడవళ్లకు పిడులు ఊడదీసి, ఆ కొడవళ్లను బూట్ల కింద అతికించి ఇచ్చాడు. కొడవలి వంకరగా ఉంటుంది కాబట్టి పిల్లలు నేరుగా పోదామన్నా ఎడమ పక్కకే పోయేవారు. మా జట్టుకు వ్యూహం అంటూ ఒకటుంటే అది అదే. ఆట నేర్పింది గురునాథం మాస్టారు. ఆయన కబడ్డీ మనిషి. ఊపిరి బిగబట్టి అవతలి గోల్ దాకా వెళ్లి, గోల్‌కీపరును ముట్టుకుని తిరిగి రావాలని రెండు వారాలు నేర్పి, ఆ తరవాత వీడియో చూశారు.

మా బిందు ఒక్కతే కొడవళ్ల మీద కదలకుండా నిలబడగలిగింది కాబట్టి దాన్ని గోల్‌కీపరును చేశారు. మిగతావాళ్లందరూ క్రీడల కోటా కోసం చేరారు. ఇది మాత్రం ఆట కోసం చేరింది. అంత పిచ్చిది. పొద్దున్నే ఇంట్లో నాపరాళ్ల మీద సబ్బునీళ్లు పోసి, నా చేత కొబ్బరిచిప్పలు విసిరించుకునేది.

"గట్టిగా విసరవే అమ్మమ్మా! పిండి కలుపుతున్నావా ఏంది?"

"నడుం పట్టుకుంటే నువ్వు చూస్తావటే?"

"చూస్తాలే. ఒక్క మ్యాచన్నా సరిగ్గా ఆడాలే. రేపు ఎవరన్నా నువ్వేం ఆపావని అడిగితే కొబ్బరిచిప్పలని చెప్పనా?"

దాని కోరిక అంతే. ఒక్క మ్యాచ్. గోల్ మీదికి వచ్చే ఒక్క బిళ్ల. టైరు రబ్బరు కోసి చేసిన ఆ బిళ్ల కోసం అది సీజనంతా ఎదురు చూసింది.

జిల్లాలో ఇంకో నలుగురు చైర్మన్లకు కూడా అదే వారం అదే దూరదృష్టి కలగడంతో పోటీలు ఖాయమయ్యాయి. మైదానం ఉన్నది మాకొక్కరికే కాబట్టి అన్ని జట్లూ మా దగ్గరికే రావాలి. ఆరోగ్య నియమాల అమలు కామర్సు లెక్చరర్ శ్రీకృష్ణ గారికి అప్పగించారు. జ్వరం చూసే తుపాకీ ఆయన పేరు మీద కొన్నారు. నియమం ఒకటే: దగ్గినవారు వెనక్కి, వారి జట్టు ఓడినట్టు.

మొదట దర్శి వైపు జట్టు వచ్చింది. గది తలుపు తీయగానే ఆ పిల్లలు ఏడుగురూ ఒక్కసారే దగ్గారు. శ్రీకృష్ణ గారు తుపాకీ గురిపెట్టారు. ఆ చలిలో అది మనిషి బతికి ఉన్నట్టు కూడా చూపించలేదు. "పరిస్థితి విషమం" అని ఆయన ప్రకటించారు. పిల్లలకు కషాయం పట్టించి, వాళ్ల బస్సును చేలో మందుకొట్టే పంపుతో తడిపి పంపించారు. మేం గెలిచాం. రెండో జట్టు తలుపు తీయకముందే తుమ్మింది. మేం గెలిచాం. మూడో జట్టు ఈ సంగతి విని ఇంటి దగ్గరే దగ్గి, ఫోన్లో ఓటమి ఒప్పుకుంది.

మా పిల్లలు దగ్గేవారు కాదు. పుట్టగానే ఉయ్యాల మిరప కల్లంలో కట్టినవాళ్లం మరి. "మన కారం తిన్న ఊపిరితిత్తులండీ ఇవి!" అని చైర్మన్ గారు విలేకరులతో అన్నారు. అంటూ దగ్గారు. ఘాటు.

ప్రతి గెలుపు తరవాతా బిందు కొడవళ్లు విప్పుకుని ఇంటికొచ్చి, మళ్లీ కొబ్బరిచిప్పలు నా చేతికిచ్చేది. తొడిమలు తీసే దగ్గర నా పక్కన కూర్చునే జానీబీ ఊరుకునే రకం కాదు.

"ఏందే సుబ్బరావమ్మా, మీ పిల్ల పెళ్లికూతురు మాదిరి ముస్తాబై పీట మీద కూర్చుంటది, పెళ్లికొడుకు పొలిమేరలోనే దగ్గి ఎనక్కి పోతన్నాడు!"

"నోరు మూసుకుని కాయ చూడవే, అన్నీ తాలుకాయలే ఏస్తన్నావు."

చివరి పోటీకి మార్టూరు వైపు జట్టు వచ్చింది. అక్కడి పిల్లలు రాయి కోసే, పాలిష్ పట్టే యూనిట్ల మధ్య దుమ్ము పీలుస్తూ పెరిగినవాళ్లు. నున్నటి గ్రానైటు పలకల మీద నీళ్లు పోసుకుని ఆట నేర్చుకున్నారట. తలుపు తీశాం. లోపలికి వచ్చారు. గుండెల నిండా గాలి పీల్చారు. ఏమీ కాలేదు. ఒక పిల్ల తమ కోచ్ వీరబాబును అడిగింది: "అన్నా, ఏదో కమ్మగా వస్తంది, రొయ్యల పులుసా?"

కాలేజీ యాజమాన్యంలో కలవరం మొదలైంది. మా జట్టుకు గెలవడం వచ్చుగానీ ఆడడం రాదు. చైర్మన్ గారు వెంటనే ఆతిథ్యం గుర్తు చేసుకున్నారు. "పాపం, పిల్లలకు దారిలో దిష్టి తగిలి ఉంటుంది. తీయండి" అన్నారు. నాకు కుంపటి తెమ్మని కబురొచ్చింది. మంచు నడిబొడ్డున కుంపటి పెట్టి, ఉప్పూ దోసెడు తేజ కాయలూ నిప్పుల్లో పోశారు. పొగ లేచింది. కుంపటి మెల్లగా మంచులోకి దిగిపోతూ ఉంది. మార్టూరు పిల్లలు దాని చుట్టూ చేరి చేతులు కాచుకున్నారు.

మన ఇళ్లల్లో దిష్టి తీసేటప్పుడు ఘాటొచ్చి దగ్గితే దిష్టి లేనట్టు. దగ్గు రాకపోతే గట్టి దిష్టి ఉన్నట్టు. ఈ శాస్త్రం ప్రకారం శ్రీకృష్ణ గారు "అతిథి జట్టుకు తీవ్రమైన దిష్టి, ఆటకు పనికిరారు" అని ప్రకటించారు.

వీరబాబు మొహం ఎర్రబడింది. "ఏందయ్యా మీ గోల! దగ్గితే జబ్బంటారు, దగ్గకపోతే దిష్టంటారు! ఇంక ఊపిరి ఎట్టా పీల్చాలో మీరే చెప్పండి!"

ఎవరూ జవాబు చెప్పకముందే దగ్గు వినిపించింది. గోల్ దగ్గర నుంచి.

అందరూ తిరిగి చూశారు. బిందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. పొద్దున దాని నుదురు వెచ్చగా ఉంటే వెళ్లొద్దన్నాను. అది దాచలేదు, గురునాథం మాస్టారికి చెప్పింది. "ఘాటమ్మా, నిలబడు" అన్నారట ఆయన.

"మీ రూలు మీకు లేదా?" అన్నాడు వీరబాబు.

చైర్మన్ గారు, మాస్టారు, శ్రీకృష్ణ గారు, పెద్దలు ముగ్గురూ టిక్కీల వెనక్కి వెళ్లి సమావేశమయ్యారు. తిరిగి వచ్చాక శ్రీకృష్ణ గారు దగ్గు విధివిధానాలు చదివి వినిపించారు. దగ్గు రెండు రకాలు. కళ్లలో నీళ్లతో వచ్చేది ఘాటు దగ్గు, అది నిర్దోషి. పొడి కళ్లతో వచ్చేది జబ్బు దగ్గు. గోల్‌కీపరు కళ్లు పరీక్షించబడును.

బిందు కళ్ల నిండా నీళ్లు. ఈ ఒక్క మ్యాచ్ కూడా పోతోందని ఏడుస్తోంది పిచ్చిమొద్దు. "ఘాటే!" అని ముగ్గురూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

"దాన్ని ఇంటికి పంపండయ్యా, ఒళ్లు కాలుతోంది" అన్నాను. తొడిమలు తీసేదాని మాట విధివిధానాల్లో లేదు. బిందు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. మొహం మీది జాలీ దించుకుంది.

ఆట మొదలైంది. మా పిల్లలు వ్యూహం ప్రకారం ఎడమ పక్కకు వెళ్లి గోడకు ఆనుకున్నారు. ఇద్దరు కుంపటి గుంటలో పడ్డారు. ఇక మిగిలింది మార్టూరు జట్టు మొత్తం, ఎదురుగా నా మనవరాలు. బిళ్లలు కొబ్బరిచిప్పల్లా వచ్చాయి. కాలితో ఆపింది, కర్రతో ఆపింది, ఒకటి కడుపుతో ఆపింది. ఎన్ని ఆపిందో రాసుకునే నాథుడు లేడు. మూడు మాత్రం లోపలికి పోయాయి. మూడోది పోయినప్పుడు అది నవ్వింది. ఆట అయ్యాక వీరబాబు దూరంగానే నిలబడి రెండు చేతులూ జోడించాడు. "పాపా, నువ్వు మా ఊళ్లో పుట్టాల్సినదానివమ్మా" అన్నాడు.

సాయంత్రానికి అధికారిక ఫలితం వచ్చింది. అసహజ ఆరోగ్యం కారణంగా మార్టూరు జట్టు అనర్హులు. పొగ కారణంగా గోల్స్ చెల్లవు. కప్పు మాది.

మర్నాడు బిందుకు పరీక్ష చేయిస్తే కరోనా అని తేలింది. నాకూ తేలింది. కాలేజీ గేటు లోపల ఘాటుగా ఉన్నది గేటు దాటగానే జబ్బయింది. మా వీధివాళ్లు బాధ్యతగల పౌరులు. మధ్యాహ్నానికల్లా మా గుమ్మం ముందు తుమ్మకంప నాటారు. ఆ కంప అవతలి నుంచి జానీబీ ఒక్కతే కర్రకు క్యారియరు తగిలించి అందించేది. "ఐదడుగుల కర్ర, చైర్మన్ గారు చెప్పిందే" అనేది. ఆ చారు తాగి ఇద్దరం లేచి కూర్చున్నాం.

నెల తరవాత కల్యాణమండపంలో సన్మానం జరిగింది. "సీజన్ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వని గోల్‌కీపరు" అని చదివి బిందుకు శాలువా కప్పి, సర్టిఫికెట్ ఇచ్చారు. అది మైకు దగ్గరికి వెళ్లింది.

"మూడు ఇచ్చానండి."

హాలంతా నవ్వింది. ఎంత వినయమో అనుకున్నారు.

"నిజంగానే మూడు ఇచ్చానండి. అవి రాయండి సార్. అవి లేకపోతే నేను ఆడినట్టే ఉండదు."

"పిచ్చిదానా, సున్నాకే ఉద్యోగం వస్తుంది" అని చైర్మన్ గారు ముద్దుగా మందలించి, మైకు అందుకున్నారు. అందుకుని దగ్గారు. చాలాసేపు దగ్గారు.

"ఘాటు, ఘాటు" అన్నారు ముందు వరసవాళ్లు. ఎవరూ కుర్చీ జరపలేదు. శ్రీకృష్ణ గారి తుపాకీ జేబులోనే ఉంది. ఆ మండపంలో ఒక్క మిరపకాయ లేదు. ఆ రోజు ఫలహారం చక్కెర పొంగలి.

బిందు వేదిక దిగలేదు. ఐదడుగుల దూరంలో నిలబడి ఆయన మొహంలోకి చూసింది. "సార్ కళ్లు పొడిగా ఉన్నాయండి" అంది.

మైకులో పడ్డ మాట కదా, హాలంతా వినిపించింది. ఆ తరవాత ముందు వరసలో గురునాథం మాస్టారు జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. పక్కన శ్రీకృష్ణ గారు తుడుచుకున్నారు. వరస వెనక వరస, కొంగులు, రుమాళ్లు, మాస్కులు, ఏది దొరికితే దానితో హాలంతా చైర్మన్ గారి తరఫున కళ్లు తుడుచుకుంది. ఘాటని ఏకగ్రీవంగా తేలింది.

బిందు ఆ సర్టిఫికెట్లో సున్నా కొట్టేసి, పక్కన మూడు అని రాసుకుంది. దిద్దిన కాగితం చెల్లదని ఉద్యోగాలవాళ్లు తిప్పి పంపారు. అది ఇప్పుడు మార్టూరులో వీరబాబు దగ్గర చిన్నపిల్లలకు గోల్ ఆపడం నేర్పుతోంది.

ఇంత చదివేలోపు మీరూ ఒక్కసారన్నా దగ్గి ఉంటారు. మీదైతే ఘాటే, కంగారు పడకండి. పక్కింటివాళ్లు దగ్గితే మాత్రం కబురు పెట్టండి. మా గుమ్మం ముందు నాటిన కంప పీకి జాగ్రత్తగా దాచాను. మొన్న మా పాత వీధివాళ్లే ఇద్దరు మార్టూరు దాకా వచ్చి అడిగారు. ముందు ఎవరు వస్తే వారికి.

ఇట్లు,
సుబ్బరావమ్మ, అరవై తొమ్మిదేళ్లు,
ప్రస్తుతం మనవరాలి దగ్గర, మార్టూరు.