మోస్తరు ఎత్తు

మానవ నాగరికత చక్రంతో మొదలైందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. అది సగం నిజం. చక్రం దొర్లిన మర్నాడు ఒకాయన రాతిబల్ల వేసుకుని కూర్చుని, "ఈ సైజుకి ఎవరు ఒప్పుకున్నారు?" అని అడిగాడు చూడండి, నాగరికత అసలు అక్కడ మొదలైంది. చక్రం కనిపెట్టినవాడి వంశం ఏమైపోయిందో ఎవరికీ తెలియదు. ఆ రెండో ఆయన వారసులు మాత్రం ఇవాళ్టికీ తొమ్మిదింటికి ఆఫీసుకి వచ్చి, పదకొండున్నరకి కుర్చీలో కూర్చుంటున్నారు.

తేనె మావయ్యకి ఈ చరిత్ర తెలియదు. ఆయనకి తెలిసినవి పన్నెండు తేనెపెట్టెలు, ఒక భార్య, ఒక పికప్ బండి. (ఊళ్ళో ఆయన కన్నా పెద్దవాళ్ళు కూడా ఆయన్ని మావయ్యనే అంటారు. ఆయన అభ్యంతరం చెప్పే మనిషి కాదు.) బండికి ఇరవై మూడేళ్ళు. అది మొదట్లో ఏ రంగులో ఉండేదో రిజిస్ట్రేషన్ పుస్తకం తెరిస్తే గాని చెప్పలేం. ఎక్కడ పూత ఉంటే అక్కడికి పెట్టెల్ని మోసుకెళ్ళడం దాని పని.

ఈ ఏడాది పూత పొద్దుతిరుగుడు చేలో ఉంది. చేను పందొమ్మిది కిలోమీటర్ల దూరం. అందులో ఆఖరి రెండు కిలోమీటర్లు ట్రాక్టర్లు దున్నేసిన బాట. పోయినేడు ఆ బాట నడిమి గట్టు మీద బండి అడుగు ఆని, బండి ఒరిగి, రెండు పెట్టెల మూతలు లేచిపోయాయి. ఆ రోజు ఇంటికి తిరిగొచ్చిన మావయ్యని ఆయన భార్య చొక్కాని బట్టి గుర్తుపట్టింది.

"ఈసారి బండి ఎత్తు పెంచుతారా, నన్ను మా పుట్టింటికి పొమ్మంటారా?" అందావిడ. పుట్టిల్లు రెండు వీధుల అవతలే కాబట్టి ఈ బెదిరింపుని ఆవిడ వారానికోసారి అమలు చేస్తూనే ఉంటుంది. అయినా మావయ్య భయపడ్డాడు. ఆ పుట్టింట్లోనే ఉండే బావమరిది మెకానిక్కు కావడంతో, భయం వెంటనే ఉపయోగంలోకి వచ్చింది.

బావమరిది టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరి, కాసేపు అక్కడా ఇక్కడా కొట్టి చూశాడు.

"చక్రాల పైన స్ప్రింగు కమాన్ల దగ్గర దిమ్మలు పెడితే బాడీ రెండంగుళాలు లేస్తుంది. టైర్లు ఒక సైజు పెద్దవి వేస్తే బండంతా ఇంకో అంగుళం లేస్తుంది. మొత్తం మూడు. నీ గట్టు కాదు కదా, దాని తాత వచ్చినా తగలదు. అరపూట పని బావా."

అరపూట పని అరపూటలో అయిపోతే ఈ కథ లేదు. కానీ తేనె మావయ్య సొంత పెరట్లోకి మలుపు తిరిగేటప్పుడు కూడా ఇండికేటర్ వేసే రకం. ఆయన మర్నాడు తిన్నగా వాహన మార్పుల శాఖకి వెళ్ళి, బండి ఎత్తు పెంచుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు ఇచ్చి, అట్నుంచి బావమరిది షెడ్డుకి వచ్చాడు.

"అడిగావా?" అన్నాడు బావమరిది, ఎవరిదో కారు కింద నుంచి తల బయటపెట్టి.

"అడిగాను."

"నోటితోనా?"

"కాగితం మీద. సంతకం కూడా పెట్టాను."

బావమరిది మళ్ళీ కారు కిందికి వెళ్ళిపోయాడు.

ఇక్కడ పాఠకులకి ఒక సంగతి మనవి చేయాలి. వాహన మార్పుల శాఖ పెట్టి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో జనం టైర్లు పెంచారు, బాడీలు లేపారు, ఒకాయన రెండు బండ్లని కలిపి ఒకటి చేశాడు. వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు అనుమతి అడిగిన పాపాన పోలేదు. రూపం-9 (మోస్తరు ఎత్తు కోరువారి విన్నపము) ఐదు వేల కాపీలు అచ్చయి, కట్టలు విప్పకుండా బీరువా మీద పడి ఉన్నాయి. అలాంటి ఆఫీసుకి మావయ్య దరఖాస్తు పురిటికబురులా అందింది. గుమస్తా దాన్ని రెండు చేతులతో పట్టుకుని గది గదికీ తిప్పి చూపించాడు. ఎత్తుల అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వెడల్పుల అధికారికి కళ్ళు చెమర్చాయి.

మావయ్యకి అసలు కష్టం అప్పట్నుంచే మొదలైంది. నిర్లక్ష్యం చేసే ఆఫీసు నుంచి మనిషి ఎలాగోలా బయటపడతాడు, శ్రద్ధ చూపించే ఆఫీసు నుంచి పడలేడు.

ముందుగా 'మోస్తరు' అంటే ఏమిటో తేల్చారు. పద్నాలుగో నిబంధన ప్రకారం మోస్తరు అనగా అతి కానిది. అతి అనగా మోస్తరు కానిది. (దీన్ని తేల్చడానికి వేసిన కమిటీ నాలుగేళ్ళు కూర్చుంది. అది కూర్చున్న మాట వాస్తవం.)

తర్వాత అంగుళాల పంపకం వచ్చింది. కమాన్ల దగ్గర పెరిగే రెండంగుళాలు ఎత్తుల అధికారివని ఎవరూ కాదనలేదు. టైరు వల్ల పెరిగే మూడో అంగుళం దగ్గర పేచీ పడింది.

"అది ఎత్తండీ. పైకి పోయేదాన్ని ఎత్తు అంటారు," అన్నాడు ఎత్తుల అధికారి.

"టైరు నాది. నా టైరు ఎంత పైకి పోయినా నాదే," అన్నాడు వెడల్పుల అధికారి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే ఫ్యాను కింద కూర్చున్న ఆ ఇద్దరూ నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి అంగుళంలో కింది సగం ఒకరికి, పై సగం ఇంకొకరికి రాసుకుని రాజీపడ్డారు.

ఇంతలో గుమస్తా రిజిస్టరులో ఇంకో గడి నింపకుండా ఉండిపోయిందని గమనించాడు.

"బండిలో ప్రయాణించేవారి సంఖ్య?"

"నేను, మా ఆవిడ. వెనకాల తేనెటీగలు," అన్నాడు మావయ్య. ఆయన అబద్ధం చెప్పలేడు.

"ఎన్ని?"

"పెట్టెకి ఇరవై వేలు వేసుకోండి. పన్నెండు పెట్టెలు."

గుమస్తా చాలాసేపు గుణించాడు. "రెండు లక్షల నలభై వేలు. ఇది డ్రైవరుతో కలిపా, కాకుండానా?"

పూత ముగియడానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా తనిఖీ ఉత్తర్వు చేతికొచ్చింది. బండి తన పూర్వరూపంలో, రోజూ మోసే బరువుతో, సొంత చక్రాల మీద, ప్రధాన ద్వారం గుండా తనిఖీ ఆవరణలోకి రావలెను. బండి అడుగు నేలకి ఎంత దగ్గరగా ఉందో కళ్ళారా చూసి, ఆ తర్వాతే పెంచనిస్తారు.

రోజూ మోసే బరువంటే తేనెపెట్టెలే. ఆ రోజు తెల్లారకముందే పెట్టెల ద్వారాలకి జాలీలు బిగించి, పన్నెండింటినీ బండికెక్కించారు. తనిఖీ కాగానే షెడ్డులో మార్పులు చేయించుకుని, అట్నుంచి అటే చేలోకి పోవాలని మావయ్య లెక్క. మూసిన పెట్టెలు మధ్యాహ్నం దాకా ఓర్చుకుంటాయి. ఎండ నెత్తికెక్కితే లోపల వేడికి ఉడికిపోతాయి. ఆయన భార్య నీళ్ళ బిందె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, దారి పొడవునా జాలీల మీద చల్లడానికి.

తొమ్మిదిన్నరకి బండి ప్రధాన ద్వారం చేరింది. ద్వారం ముందర ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. అనుమతి లేకుండా ఎత్తు పెంచిన బండ్లు దూసుకుపోకుండా శాఖ వారు స్వయంగా కట్టించినది. అది స్పీడుని బ్రేక్ చేసే రకం కాదు, బండినే చేసే రకం. మావయ్య ఇండికేటర్ వేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మెల్లగా ఎక్కించాడు. ముందు చక్రాలు దాటాయి. తర్వాత కర్రుమని ఒక చప్పుడు వచ్చింది. బండి అడుగు స్పీడ్ బ్రేకర్ మీద ఆనింది, ముందు చక్రాలు నాలుగు వేళ్ళ మేర గాల్లో నిలిచాయి, వెనక చక్రాలు నేల మీద ఉన్నాయంటే ఉన్నాయి. వెనకాల రోడ్డు మీద నలభై బండ్లు హారన్లు మొదలుపెట్టాయి.

అధికారులిద్దరూ టేపు పట్టుకుని పరుగున వచ్చారు.

"చూశారుగా సార్, ఎంత దగ్గరగా ఉందో," అన్నాడు మావయ్య ఆశగా. "ఇంతకన్నా కళ్ళారా ఎక్కడ చూస్తారు?"

ఎత్తుల అధికారి మోకాళ్ళ మీద కూర్చుని కొలిచి, బాధగా లేచాడు. "ముందు చక్రాలు నేలని తాకడం లేదండీ. నేల మీద లేని బండి మా పరిధిలోకి రాదు."

"వెనక చక్రాలు గేటు బయట ఉన్నాయి. అవి రోడ్ల శాఖ వారివి," అన్నాడు వెడల్పుల అధికారి.

"మరి దీన్ని కదిపేదెలా?"

"ఎత్తు పెంచుకుంటే కదులుతుంది. కానీ తనిఖీ కాకుండా పెంచకూడదు," అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు ఎత్తుల అధికారి. ఆయనకి మావయ్య మీద నిజంగానే అభిమానం. అంతకన్నా ఎక్కువ అభిమానం నిబంధన మీద.

పది దాటింది. ఎండ బండి వెనక భాగం మీదికి వచ్చింది. పెట్టెల్లో రొద మారింది. మావయ్యకి ఆ రొద పసిపిల్లల ఏడుపంత స్పష్టంగా తెలుస్తుంది. అది ఆకలిదో, భయానిదో, ఉక్కదో వినగానే చెప్పగలడు. ఇది ఉక్క. అడక్కుండా ఉంటే ఈపాటికి ఇవి పూల మీద ఉండేవి. ఇరవై మూడేళ్ళుగా నన్ను నమ్ముకున్నవాటిని ఒక్క కాగితం కోసం చంపుకుంటున్నానని ఆయన మొదటిసారి అనుకున్నాడు.

కబురందుకున్న బావమరిది జాకీ, నాలుగు పెద్ద టైర్లు, దిమ్మలు వేసుకుని ఆటోలో దిగాడు. పరిస్థితి చూసి గట్టిగా నవ్వాడు. తర్వాత అక్క ముఖం చూసి ఆపేశాడు.

"సార్, పంక్చరయితే జాకీ పెట్టొచ్చా?" అని అడిగాడు.

"నిరభ్యంతరంగా."

"టైరు మార్చొచ్చా?"

"మార్చక తప్పదు కదా."

బావమరిది జేబులోంచి మేకు తీసి నాలుగు టైర్లనీ వరసగా పంక్చర్ చేశాడు. అధికారులు ఆ నాలుగు దుర్ఘటనలనీ విచారం ప్రకటిస్తూ నోట్ చేసుకున్నారు. గంటన్నరలో పెద్ద టైర్లు ఎక్కాయి. కమాన్ల దగ్గర దిమ్మలు బిగిస్తున్నంతసేపూ ఎత్తుల అధికారి, అది పంక్చరులో భాగమే కాబోలని, అటు చూడలేదు. బండి మూడంగుళాలు లేచింది. స్పీడ్ బ్రేకర్ని తాకకుండా, రాజహంసలా ఆవరణలోకి నడిచింది. వెనకాల నలభై బండ్ల వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు పూర్వరూపం కొలుద్దాం," అన్నాడు ఎత్తుల అధికారి. కొలిచాడు. పుస్తకంలో ఉన్నదానికన్నా మూడంగుళాలు ఎక్కువ వచ్చింది. "పూర్వరూపం కనిపించడం లేదండీ."

అప్పుడు మావయ్య భార్య బిందె కింద పెట్టి ముందుకొచ్చింది. "ఇంకో గంటలో ఈ పెట్టెల ద్వారాలు తీయకపోతే నా తేనెపురుగులు చచ్చిపోతాయి బాబూ. చేలోకి పోనివ్వకపోతే ఇక్కడే తీస్తాను."

"ఇక్కడే అంటే?"

"ఇదుగో, మీరు నించున్న చోటే."

శాఖ చరిత్రలో ఇంత వేగంగా ఆలోచన సాగిన దాఖలా లేదు. బరువు ఎక్కితే బండి దిగుతుందన్న సంగతి ఎవరికి ముందు తట్టిందో ఈనాటికీ వివాదమే. (మొదటి సగం ఎత్తుల అధికారికి, రెండో సగం వెడల్పుల అధికారికి తట్టిందని రాసుకున్నారు.) గుమస్తాలు ఎక్కారు. అటెండర్లు ఎక్కారు. క్యాంటీన్ ఆయన తప్పేలాతో సహా ఎక్కాడు. పెట్టెల మధ్య పదిమంది మోకాళ్ళు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంటే రెండంగుళాలు దిగింది. రూపం-9 ఐదు వేల కాపీలూ తెచ్చి పడేశారు, ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత వాటికి పని దొరికింది. ఇంకో అరంగుళం దిగింది. మిగిలిన అరంగుళం కోసం శాఖాధిపతి అయిన పెద్ద మేడమ్ గారు తన గదిలోంచి బయటికి వచ్చి, స్టూలు వేయించుకుని, ఎవరి సాయమూ తీసుకోకుండా బండెక్కారు.

"సరిపోయింది!" అని అరిచాడు ఎత్తుల అధికారి. ఎవరో ఈల వేశారు. మేడమ్ గారే అయి ఉంటారని అనుమానం. రెండు లక్షల నలభై వేల పురుగుల మధ్య కూర్చుని ఆవిడ అక్కడికక్కడే సంతకం చేశారు:

"ఈ వాహనము, పదకొండుగురు సిబ్బందియు, ఐదు వేల విన్నపములును, పన్నెండు తేనెపెట్టెలును ఎక్కియుండగా, తన పూర్వపు ఎత్తునే కలిగియున్నది. కావున ఎత్తు పెరగలేదు. పెరగని ఎత్తునకు అనుమతి అవసరము లేదు. అవసరము లేదను ఈ ధ్రువపత్రమును ఏటేటా ఇదే ద్వారము గుండా వచ్చి పునరుద్ధరించుకొనవలెను."

తర్వాత ఒక్కొక్కరే దిగారు. దిగుతున్నకొద్దీ బండి లేచింది. కొలత అప్పటికే పూర్తయింది కాబట్టి ఎవరూ అటు చూడలేదు.

బండి ఆఖరి రెండు కిలోమీటర్ల గట్టుని తాకకుండా దాటింది. చేలో పెట్టెలు దించి ద్వారాలు తీయగానే పురుగులు బిలబిలా పచ్చటి పూల మీదికి లేచాయి. మావయ్య బండి మెట్టు మీద కూర్చుని, భార్య చూస్తుండగానే ఏడ్చేశాడు. "ఊరుకోండి, ఏ పెట్టెకీ ఏమీ కాలేదు," అంటూ ఆవిడ బిందెలో మిగిలిన నీళ్ళు ఆయనకిచ్చింది.

పూత ముగిశాక మావయ్య కొత్త తేనె సీసా ఒకటి పట్టుకుని, కృతజ్ఞత చెప్పుకుందామని శాఖకి వెళ్ళాడు. ప్రధాన ద్వారం దగ్గర ఇండికేటర్ వేసి ఆగాడు. స్పీడ్ బ్రేకర్ మీద ఒక తాపీమేస్త్రి గొంతుక్కూర్చుని సిమెంటు మెత్తుతున్నాడు. ఈమధ్య ఒక పికప్ దీన్ని తాకకుండానే దాటిపోయిందని తెలిసి, ఇంకో మూడంగుళాలు పెంచమన్నారట.

"మూడంగుళాలా! దీనికి అనుమతి ఎవరిచ్చారండీ?" అని అడిగాడు మావయ్య.

మేస్త్రి తాపీ ఆపి, ఆయన్ని కింది నుంచి పైదాకా వింతగా చూశాడు.

"అనుమతేంటి బాబూ, అరపూట పనికి? ఎవరైనా అడుగుతారా?"