డిస్కులు కూడానా? ప్యాడ్లు చాలు!

కారు బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు డిస్కులు కూడా మార్చేవాడు సంసారం చేసే మనిషి కాడని నా నిశ్చితాభిప్రాయం. గుండీ ఊడితే చొక్కానే పారేసే రకం వాడు. అలాంటి ఇంట్లో పిల్లనివ్వకండి!

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. చక్రంతో పాటు గిరగిరా తిరిగే ఇనప పళ్ళెం డిస్కు. దాన్ని రెండు వైపులా నొక్కిపట్టి ఆపేవి ప్యాడ్లు. ప్యాడ్లు అరుగుతాయి, మారుస్తాం. డిస్కులూ అరుగుతాయి, మార్చం. గాడులు పడ్డ పాత డిస్కు మీద కొత్త ప్యాడ్లు సరిగ్గా ఆనవని, కారు ఆగాల్సిన చోట ఆగదని కొందరు బెదిరిస్తారు. కొత్త కోడలు వస్తోందని పాత అత్తగారిని మార్చేస్తున్నామా? కొన్నాళ్ళు కీచులాడుకుంటారు, తర్వాత వాళ్ళే సర్దుకుంటారు.

పైగా ఆ కీచులాటే గొప్ప వరం! మా సెర్బియా పడమటి కొండల్లో, బ్రెజొవిత్స అనే ఊళ్ళో నాకు వరసకు బావ అయ్యే మిలోయె ఉన్నాడు. ఆయన కారు కొండ దిగుతుంటే ఆ రాగం కింద పట్నం దాకా వినిపిస్తుంది. గొర్రెలు వాటంతటవే దారి తప్పుకుంటాయి. కాఫీ కొట్టువాడు కప్పు కడిగి సిద్ధంగా ఉంచుతాడు. చర్చి గుమ్మం తొక్కని కుర్రకారు కూడా ఆ కారెక్కితే మలుపు మలుపుకీ సిలువ గుర్తు వేసుకుంటారు. ఫాదరుగారు ఇన్నేళ్ళ బోధనలతో సాధించలేనిది అరిగిన డిస్కు సాధించింది. ఇంత భక్తిని కొత్త డిస్కు ఇవ్వగలదా?

ఆయన భార్య దెసాంకకు మాత్రం ఈ భక్తి సరిపోవడం లేదు. కూతురు విదొసవ నిండు చూలాలు. అల్లుడు లారీ మీద ఎక్కడెక్కడో తిరుగుతుంటాడు. ఈ వారమో పై వారమో నొప్పులు మొదలైతే, ఆ మలుపుల దారిలో, ఆ కారులోనే అమ్మాయిని ఆసుపత్రికి దించాలి. అందుకని డిస్కులు కూడా మార్పించమని ఆవిడ చెవిలో జోరీగలా పోరు పెట్టింది.

మిలోయె పెళ్ళాం మాట వినని మనిషి కాడు. ముగ్గురు మేస్త్రీల దగ్గరికి వెళ్ళాడు. మొదటివాడు డిస్కులు కొలిచి చూసి, రెండూ కలిపి మార్చాల్సిందే అన్నాడు. వాడు దొంగ వెధవ అని తేలిపోయింది. రెండోవాడూ అదే మాట అన్నాడు. మొదటివాడితో లాలూచీ అన్నమాట. మూడోవాడు, తిహోమిర్, కొలతలూ గిలతలూ పెట్టుకోకుండా మా బావ మొహం ఒక్కసారి చూసి, ప్యాడ్లు చాలు, డిస్కులు ఇంకో ఏడాది లాగిస్తాయి అన్నాడు. ఆహా, విద్య అంటే అదీ! మా వైపు మంచి మేస్త్రి అంటే చెయ్యి తిరిగినవాడు కాదు. మన మనసులో మాట మనకంటే ముందు పైకి అనగలిగినవాడు.

అంతటివాడికి మర్యాద చెయ్యొద్దూ? డిసెంబరులో వచ్చే సెయింట్ నికోలా పండగ మిలోయెగారి ఇంటి ఇలవేల్పు పండగ. ప్రయాణాల్లో కాపాడేది ఆ సాధువే కనుక సగం బ్రేకులు ఆయన చూసుకుంటాడని మా బావ ధైర్యం. ఈ పండక్కి మాలో పిలుపులుండవు, వచ్చినవాడల్లా చుట్టమే. అయినా మేస్త్రినీ నన్నూ పట్నం నుంచి తనే కారులో ఎక్కించుకొచ్చాడు. తిహోమిర్ ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా పాటలు పాడాడు. ఎక్కుడు దారిలో బ్రేకులతో పనేముంది?

ఆ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు, నిలబడే అందరికీ వడ్డించాలి. గడప తొక్కినవాడిని పల్లెత్తు మాట అనకూడదు. ఈ రెండో నియమం దెసాంక గొంతులో ముల్లులా ఉందని ఆవిడ మొహమే చెప్పింది. మేస్త్రి తేనె కలిపిన గోధుమలు తిన్నాడు, చేప తిన్నాడు, బీన్సు మళ్ళీ వడ్డించుకున్నాడు, ప్లమ్ సారా గ్లాసు మీద గ్లాసు పట్టించాడు. మిలోయె మాత్రం చుక్క ముట్టలేదు, డాక్టరు ఎప్పుడో మాన్పించాడు. రోడ్డు మీది మంచు కూడా పొద్దున్నే ఎత్తేశారు. అందుచేత పొద్దు వాలాక మా బావ తాళాలు ఆడిస్తూ దించి వస్తానన్నప్పుడు, కాదనడానికి మేస్త్రికి ఒక్క కారణమూ లేదు.

తిహోమిర్ లేచి, కోటు గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు.

"వద్దులే మిలోయె, నడిచే పోతా. తిన్నది అరగాలిగా."

"కొండ కింద దాకానా?"

"చల్లగాలి మంచిదే."

విదొసవ పొట్ట మీద చెయ్యి వేసుకుని తండ్రి వంక చూసింది. దెసాంక పొట్లం కట్టిన పండగ రొట్టె మేస్త్రి చేతిలో పెట్టి, నియమం తప్పకుండా, ఎంతో మర్యాదగా అడిగింది.

"మేస్త్రీ, మీరు ఎక్కనన్న కారులో నా కూతుర్ని ఎక్కించమంటారా?"

ఆయన రొట్టె వంకే చూస్తూ నిలబడ్డాడు. "ఏం చెప్పనమ్మా. మీ ఆయన మొహం ప్యాడ్లు సరిపోతాయా అని అడగలేదు, చాలు కదా అని అడిగింది. నేను అనకపోతే నాలుగోవాడు అనేవాడు."

దెసాంక మొగుడి చేతిలోంచి తాళాలు తీసుకుని ఏప్రన్ జేబులో వేసుకుంది. "రేపు పొద్దున మీరన్న ఆ మొదటి దొంగ వెధవే డిస్కులు పట్టుకుని ఇక్కడికి వస్తాడు" అంది. పొద్దున్నించీ నిలబడే ఉన్న మా బావ, నియమం సంగతి మరిచిపోయి, దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు.

ఇంత జరిగినా నా అభిప్రాయం చెక్కు చెదరలేదు. డిస్కులు కూడా మార్చడం శుద్ధ దండగ! మీ మేస్త్రి ప్యాడ్లు చాలంటే కళ్ళు మూసుకుని నమ్మండి. ఆ మాట అనగానే ఆయన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఒక్కసారి కొండ దిగండి, అంతే. వంతెనకు ఢోకా లేదనే ఇంజనీరునూ, కుళాయి నీళ్ళు అమృతమనే అధికారినీ కూడా ఇలాగే గౌరవించవచ్చు.

ఇంతకీ నేనెలా దిగానంటారా? దెసాంక తాళాలు లాక్కోక ముందే నేను కోటు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. చల్లగాలి మంచిదే కదా.