ముప్పై మీటర్ల బఫర్

ఆ ఉదయం మ్యాపు మాస్టారికి ఉన్నవి రెండే పనులు. తొమ్మిదిన్నరకల్లా ప్రెస్సు వీధి వాళ్ల ఫోన్లకు 'గొట్టం మారుస్తున్నాం, రేపు మీ వీధికి నీళ్లు రావు' అని కబురు పంపడం ఒకటి. తన ఉద్యోగాన్ని మరో రెండేళ్లు పొడిగించమనే కాగితం మీద కమిషనరు గారి సంతకం తీసుకోవడం రెండోది. మొదటిది పది నిమిషాల పని. రెండోదాని దిగులుతో ఆయనకు వారం రోజులుగా అన్నం సహించడం లేదు.

ఆయన నిజానికి మాస్టారేమీ కాదు. పురపాలక సంఘంలో కంప్యూటర్ పటాలు చూసే చిన్న ఉద్యోగి. అర్థం కానివాళ్లకు ఓపిగ్గా చెప్పే అలవాటు ఉండడంతో ఆ పేరు పడింది. ఊరిని ఆయన పొరలు పొరలుగా దాచి ఉంచారు. రోడ్లు ఒక పొర, ఇళ్లు ఒక పొర, భూమిలోని నీటి గొట్టాలు ఇంకో పొర. ఏ ఇంటి మీద నొక్కినా ఆ ఇంటివాళ్ల ఫోన్ నంబరు వస్తుంది. ఫలానా గొట్టానికి చుట్టూ ఇంత దూరం అని చెబితే కంప్యూటర్ అంతవరకూ ఒక హద్దు గీసి, లోపల పడ్డ ఇళ్లన్నిటినీ ఏరి ఇస్తుంది. ఆ హద్దును బఫర్ అంటారు.

మాస్టారు ప్రెస్సు వీధి గొట్టాన్ని ఎంచుకుని దూరం ముప్పై అని కొట్టారు. కొట్టాల్సింది ముప్పై మీటర్లు. ముందురోజు ఆయన ఊరి చెరువుకు ఎంత దూరం నుంచి వాననీరు వస్తుందో లెక్కగట్టారు. ఆ లెక్క తాలూకు కిలోమీటర్లు పక్క గడిలో అలాగే ఉండిపోయాయి. తెర నిండా ఒకటే నీలి రంగు కమ్ముకుంది. మరీ దగ్గరగా చూస్తున్నాను కాబోలు అనుకున్నారు. అంతలో కమిషనరు గారు మీటింగుకి బయల్దేరబోతున్నారని అటెండరు వచ్చి చెప్పాడు. మాస్టారు చటుక్కున పంపే మీట నొక్కి, కాగితం పట్టుకుని పరుగెత్తారు. కారు అప్పటికే గేటు దాటింది.

ఉసూరుమంటూ వచ్చి కూర్చోగానే ఇంటి నుంచి ఫోను. మన వీధిలో గొట్టం మారుస్తున్నారని ఊళ్లో అందరికీ చెప్పి, ఇంట్లో మాట మాత్రం చెప్పలేదేమని భార్య నిలదీసింది. వాళ్ల ఇల్లు ప్రెస్సు వీధికి ఏడు కిలోమీటర్లు. అది మన వీధి కాదని ఆయన నచ్చజెప్పబోయారు.

"మీ ఆఫీసు నుంచే వచ్చిందండీ. అమ్మ అప్పుడే స్టీలు డబ్బాల్లో పప్పులు ఒంపేసి నీళ్లు పడుతోంది."

మాస్టారు మెల్లగా తెర వైపు తిరిగారు. ఎంపికైన ఇళ్లు రెండు వందల పన్నెండు ఉండాలి. నలభై ఒక్క వేల మూడు వందల ఆరు ఉన్నాయి. ఊళ్లో ఉన్న ఇళ్లన్నీ అవే.

ఎవరికీ తెలియకముందే సర్దేద్దామన్న ఆత్రం మొదలైంది. ఈసారి మీటర్లు అని రెండుసార్లు పైకి చదువుకుని మరీ సరైన బఫర్ గీశారు. రెండు వందల పన్నెండు ఇళ్లూ చక్కగా వెలిగాయి. ఇప్పుడు వాటిని వదిలేసి మిగతా అందరికీ 'ఇందాకటి కబురు మీకు కాదు, పట్టించుకోవద్దు' అని పంపాలి. అందుకు ఎంపికను తిరగేసే మీట ఒకటి ఉంది. ఆ తొందరలో మాస్టారు దాన్ని నొక్కడం మరిచిపోయి పంపేశారు.

ఇప్పుడు ఊరంతా బిందెలు, బకెట్లు, తొట్లు బార్లు తీర్చి నీళ్లు పడుతోంది. నిజంగా నీళ్లు ఆగబోయే ఒక్క వీధి మాత్రం పట్టించుకోవద్దన్నారు కదా అని నిశ్చింతగా కూర్చుంది.

పదకొండింటికి నీటి సరఫరా ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. గంటన్నరలో ట్యాంకు మూడో వంతుకు దిగిపోయిందనీ, ఎక్కడో పెద్ద గొట్టం పగిలి ఉంటుందనీ ఆవిడ కంగారు. మాస్టారు ఇంక దాచలేకపోయారు. జరిగిందంతా చెప్పేశారు. ఆవిడ వెంటనే పనులు పంచేసింది.

"రెండో మోటారు నేను వేయిస్తాను. మీరు మాత్రం ఆ కంప్యూటర్‌ని ముట్టుకోకండి. ప్రెస్సు వీధికి నడిచి వెళ్లి, ఇంటింటికీ నోటితో చెప్పండి."

మాస్టారు నడిచారు. జాలిపడి భార్య, అత్తగారు కూడా వచ్చారు. కుడివైపు ఇళ్లు వాళ్లకు, ఎడమవైపువి ఆయనకు. ప్రతి గడప దగ్గరా ఫోను తీసి చూపించి, రెండో కబురు అబద్ధం, మొదటిదే నిజం అని చెప్పాల్సి వచ్చింది. కొందరు నమ్మలేదు. గుర్తింపు కార్డు చూపించమన్నారు. అత్తగారు మాత్రం ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా, మా అల్లుడే తప్పు పంపాడమ్మా అని ఒక్క ముక్కలో తేల్చేస్తూ చకచకా సాగిపోయారు.

మూడింటికి మాస్టారు వీధి చివరి ఇంటికి చేరారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకప్పుడు నీటి శాఖలో ఫిట్టరు. తవ్వేది ఎక్కడ బాబూ అని అడిగాడు. మాస్టారు ఫోనులో పటం తీసి, ఇంటి ముందు రోడ్డు మీద ఎర్రగీత చూపించారు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"గొట్టం ఇక్కడ లేదు బాబూ. వేసేటప్పుడు బండ అడ్డొచ్చింది. వెనక సందులోంచి తిప్పాం. పటం గీసే ఆయన అప్పటికే ఇంటికెళ్లిపోయాడు."

మరి ఇక్కడేముందని మాస్టారు నెమ్మదిగా అడిగారు. ఆ చోటు ఖాళీగా ఉందని తర్వాత కరెంటు వాళ్లు వాడుకున్నారని, పెద్దాసుపత్రికి వెళ్లే కేబులు దాని కిందనే ఉందని పెద్దాయన చెప్పాడు. మాస్టారు అక్కడి నుంచే ఇంజనీరమ్మకు ఫోన్ చేశారు. రేపు పొద్దున ఆరింటికి తవ్వే యంత్రం దిగాల్సింది సరిగ్గా అక్కడే.

ఇంజనీరమ్మ నలుగురు మనుషులతో వచ్చి, పారలతో జాగ్రత్తగా తవ్వించింది. మోకాలి లోతులో చెయ్యంత లావున్న నల్లటి కేబులు బయటపడింది. ఆవిడ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, మట్టి మళ్లీ కప్పించింది. రేపటి పని రద్దు చేస్తున్నానంది. ఈలోగా ఊళ్లో గిన్నెలన్నీ నిండిపోయి కుళాయిలు కట్టేశారు, ట్యాంకు మళ్లీ పైకొస్తోందని కూడా చెప్పింది. మాస్టారికి పొద్దుటినుంచీ బిగుసుకుపోయి ఉన్న భుజాలు అప్పుడు గాని దిగలేదు. వీధి మధ్యలో నిలబడే భార్య తెచ్చిన మంచినీళ్ల సీసా గటగటా ఖాళీ చేశారు.

సాయంత్రం కమిషనరు గారి ముందు నిలబడి, కిలోమీటర్ల దగ్గర నుంచి కేబులు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పారు. ఆయన అంతా విని, తన ఇంట్లో స్నానాల గదిలోకి వెళ్లడానికి కూడా దారి లేకుండా బకెట్లు పెట్టారని విసుక్కున్నారు. తర్వాత పొడిగింపు కాగితం తీసుకుని సంతకం చేశారు. కింద ఒక షరతు రాశారు. ఇకమీదట పటంలో ఉన్న ప్రతి గొట్టాన్నీ మాస్టారు స్వయంగా నడిచి చూసి రావాలి. గొట్టాల పొడవు మొత్తం మూడు వందల ఎనభై కిలోమీటర్లు. ఆ అంకె చదివినా మాస్టారికి ఆ పూట అన్నం సహించింది.

మర్నాడు ఊళ్లో ఎక్కడా నీళ్లు ఆగలేదు. ఎందుకు ఆగలేదని మాత్రం పదిహేడు ఫిర్యాదులు వచ్చాయి.