తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బల్లి

ప్రతి పరిశ్రమకూ ఒక ఆకాశరామన్న కావాలి! అతను లేని పరిశ్రమ బాగుపడదు. పేరు దాచుకుని, తను పనిచేసే చోటి గుట్టు తనే ఇంటర్నెట్‌లో రాసిపెట్టే మనిషిని జనం ద్రోహి అంటారు, పిరికివాడంటారు. నేను మాత్రం దేవుడు పంపిన వరం అంటాను. ఎందుకంటారా? మా పరిశ్రమలో ఆ వరం నేనే కాబట్టి.

పేరు అడక్కండి. చెప్పను. ఈ వ్యాసం కింద కూడా ఉండదు, వెతుక్కోకండి.

మాది జకార్తాలో టీవీ సీరియళ్ల పరిశ్రమ. మా సీరియల్ పేరు ‘కన్నీళ్లకు సెలవు లేదు’. పేరుకు తగ్గట్టే వారంలో ఒక్క రోజు కూడా ఆగదు. పొద్దున తీసింది సాయంత్రం వేస్తాం. డెపోక్ దారిలో అద్దెకు తీసుకున్న పెద్ద మేడ ఒకటుంది. హాల్లో కోడలు ఏడుస్తుంది, పడగ్గదిలో అత్త కోమాలో ఉంటుంది, వంటింట్లో మేం నలుగురు రచయితలం కూర్చుని రాస్తుంటాం. కోడలు కళ్లలో గ్లిసరిన్ వేసుకుని నిలబడ్డాక, ఎందుకు ఏడవాలో మేం కాగితం మీద రాసి పంపుతాం. ఒక్కోసారి కాగితం ఆలస్యమవుతుంది. అప్పుడావిడ కారణం లేకుండానే ఏడ్చేస్తుంది. ఆ ఎపిసోడ్లే బాగున్నాయని జనం అంటారు!

ఆ నలుగురిలో నేనొకడిని. ఒకరికి బట్టతల, ఒకరికి షుగరు, ఒకరిది ఎడంచేతి వాటం, ఒకరు ఎవరు ఏమన్నా నవ్వుతారు. నేనెవరో ఊహించే పని మాత్రం పెట్టుకోకండి.

నా బ్లాగు పేరు ‘గోడమీది బల్లి’. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమని మా పెద్దవాళ్ల నమ్మకం. అంతకన్నా మంచి పేరు దొరుకుతుందా?

ఇది ధర్మమేనా అని ధర్మపరులు అడుగుతారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టొచ్చా అని నిలదీస్తారు. నేనూ చాలా ఆలోచించాను. తినని ఇంటి వాసాలు లెక్కపెడదామంటే వాళ్లు లోపలికి రానివ్వరు కదండీ! పొరుగింటి వాసాలు గుమ్మంలోంచి కనబడతాయా? కాబట్టి లెక్కపెడితే తిన్నవాడే పెట్టాలి. పైగా వాసం విరిగిందే అనుకోండి, ఎవరి నెత్తిన పడుతుంది? కింద కూర్చుని తింటున్నవాడి నెత్తిన. ఇంటాయన ఆ సమయానికి ఏసీ కారులో ఉంటాడు.

ఇక దీనివల్ల లాభాలు ఒకటా రెండా!

మా భోజనం పొట్లంలో కోడిగుడ్డును దారం పెట్టి నాలుగు ముక్కలు కోస్తారని మొదటిసారి రాశాను. మర్నాటి నుంచి రెండే ముక్కలు కోయసాగారు. ఒక జాతి తలరాత ఇంత తేలిగ్గా మారిన సందర్భం చరిత్రలో ఉందా? అత్తగారు కోమాలో పడుకున్న మంచం కింద మేకప్‌వాళ్లు కునుకు తీస్తారని రాశాను. అప్పట్నుంచి ప్రేక్షకులు అత్తగారిని వదిలేసి మంచం కిందికి చూడటం మొదలుపెట్టారు. రేటింగ్ పెరిగింది!

అన్నిటికన్నా పెద్ద లాభం మర్యాద. మా నిర్మాత గుణార్సోగారు, మేమంతా బాపక్ అని పిలుస్తాం, అయ్యగారూ అన్నట్టు. అదివరకు ఆయన కారు దిగితే ఆకాశంలోకి చూస్తూ నడిచేవారు. బల్లి వచ్చాక టీ కప్పులు కడిగే ఆవిణ్ణి కూడా “భోంచేశావా తల్లీ?” అని అడుగుతున్నారు. మరేం చేస్తారు? ఎవరు బల్లో తెలియదు కదా! చెప్పులు విసిరే మా డైరెక్టరు ఇప్పుడు చెప్పులు విప్పి మెల్లగా పక్కన పెడుతున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపం ఎరగనివాళ్లు కూడా ఫోన్లు జేబుల్లో దాచుకుని తిరుగుతున్నారు.

బల్లిని పట్టడానికి బాపక్ చేయని ప్రయత్నం లేదు. ముందు అందరి చేతిరాతా తీసుకున్నారు. బ్లాగులో చేతిరాత ఉండదని ఎవరూ చెప్పలేదు, చెబితే బ్లాగుల గురించి నీకెలా తెలుసంటారని భయం! తర్వాత సరోంతో తాతను పిలిచారు.

సరోంతో తాత మాకు వానలాపే మనిషి. షూటింగ్ జరిగేంతసేపూ నిజం వాన పడకుండా మంత్రం వేస్తాడు. వెదురుపుల్లలకు మిరపకాయలూ ఉల్లిపాయలూ గుచ్చి, ఆకాశం వైపు చూసేటట్టు నేలలో పాతుతాడు. ఆయనకు నాలుగడుగుల దూరంలోనే ట్యాంకరు గొట్టం పట్టుకుని ఇంకొకాయన దొంగ వాన కురిపిస్తుంటాడు. ఇద్దరికీ జీతాలు ఒకే చోట ఇస్తారు.

“తాతా, ఆ బల్లిగాడెవడో నీ మంత్రంతో తేల్చాలి,” అన్నారు బాపక్.

“మనది వాన పని నాయనా. బల్లుల సంగతి మనకు తెలీదు.”

“మంత్రం మంత్రమే కదయ్యా! ఆ పుల్లలు ఇటు తిప్పి చూడు.”

తాత పుల్లలన్నీ పీకి, వంటింటి వైపు తిరిగేలా పాతాడు. కళ్లు మూసుకున్నాడు. చివరికి కళ్లు తెరిచి గంభీరంగా, “వాడు ఈ ఇంటి అన్నమే తింటున్నాడు,” అన్నాడు.

మర్నాడు యూనిట్లో సగంమంది ఇళ్ల నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు! నేను మాత్రం అనుమానం రాకుండా రెండు పొట్లాలు తిన్నాను. పుల్లలు ఆకాశాన్ని వదిలేసి వంటింటిని కాపలా కాస్తున్నాయేమో, ఆ సాయంత్రం నిజం వాన దంచి కొట్టింది. కోడలి పెళ్లిరోజు సీను ఆగిపోయింది. ఆ నేరం కూడా బల్లి ఖాతాలోనే వేశారు.

ఇంతవరకూ వేడుకే. ఇక వైరు సంగతి చెప్పాలి.

మా లైట్ల మనిషి పోనిమాన్. పుర్వొరెజో అనే ఊరి నుంచి వచ్చాడు. మా సీరియల్లో కోడల్ని తరచూ ఇంట్లోంచి గెంటేస్తుంటారు. గెంటినప్పుడల్లా వాన పడాలి, వాన మెరవాలంటే వెనక పెద్ద లైటు వెలగాలి. ఆ లైటుకు కరెంటు వెళ్లే వైరుకు పదకొండు అతుకులున్నాయి. అతుకులకు చుట్టింది అట్టపెట్టెలకు అంటించే గోధుమరంగు టేపు. సీను మొదలయ్యేసరికి ముంగిలంతా నీళ్లు, నీళ్లలో ఆ వైరు, చివర దాన్ని ఎత్తి పట్టుకుని పోనిమాన్.

ఒక రోజు వైరు అతన్ని కొట్టింది. ఎగిరి అరటిచెట్లలో పడ్డాడు. లేస్తూనే అతను అడిగిన మొదటి మాట: “లైటు ఆరలేదు కదా?”

భోజనాల దగ్గర నా పక్కనే కూర్చున్నాడు. వేళ్లు వణుకుతుంటే మెతుకులు నోటిదాకా రావడం లేదు. కోపం, భయం రెండూ కలిసి వచ్చాయి.

“ఎవరికైనా చెప్పావా అన్నా?”

“చెప్పక! నెల నుంచీ చెప్తూనే ఉన్నా. మేనేజరుగారు చూద్దాంలే పోనిమాన్ అంటారు. చూస్తూనే ఉన్నారు.” నవ్వాడు. “నీకు రాయడం వచ్చు కదా తమ్ముడూ, కొత్త వైరు కొనమని ఒక ముక్క రాసిపెట్టరాదూ? నేను చెప్తే మాట, నువ్వు రాస్తే రాత.”

రాశాను. బల్లి పేరుతో రాశాను. టేపు రంగుతో సహా, మెతుకులు రాలడంతో సహా రాశాను. అది జనంలోకి ఎలా పాకిందంటారు! సినిమా పేజీలు అచ్చువేశాయి. కూరగాయల బండి దగ్గర అదే మాట, బస్సులో అదే మాట. పోనిమాన్ సొంత నోటితో చెబితే మేనేజరు చెవి దాటనిది, బల్లి పలికితే ఊరంతా వింది. ఆకాశరామన్న గొప్పతనం ఇప్పటికైనా ఒప్పుకుంటారా, లేదా?

బాపక్ మీటింగు పెట్టారు. అందరం హాల్లో కింద కూర్చున్నాం.

“వైరు నీళ్లలో ఉందని వీడికెలా తెలిసింది? అంటే సీను దగ్గర ఉన్నాడన్నమాట!” అన్నారు బాపక్.

“మెతుకులు రాలాయని కూడా రాశాడు సార్. అంటే భోజనాల దగ్గరా ఉన్నాడు,” అన్నాడు డైరెక్టరు.

“టేపు గోధుమరంగని రాశాడు. రంగులు బాగా గమనిస్తాడు సార్. కాస్ట్యూమ్స్ వాళ్లలో ఎవరో,” అన్నాడు మేనేజరు. కాస్ట్యూమ్స్ ఆవిడ అక్కడే ఏడుపు మొదలుపెట్టింది, గ్లిసరిన్ లేకుండానే. మా నలుగురిలో నవ్వేవాడు ఒకడే నవ్వాడు.

వెనకనుంచి పోనిమాన్ చెయ్యెత్తాడు. “బాపక్, మరి ఆ వైరు...”

“నువ్వు కాసేపు ఆగవయ్యా! ఇక్కడ ముఖ్యమైన విషయం నడుస్తుంటే మధ్యలో వైరేమిటి?”

పోనిమాన్ చెయ్యి దించేశాడు.

మీటింగు ముగిసేముందు బాపక్‌కు ఒక ఆలోచన తట్టింది. పెద్దవాళ్ల ఆలోచనలు పెద్దగానే ఉంటాయి! “ఎవడైతేనేం, రాసింది మాత్రం అదిరిపోయింది. వానలో కరెంటు షాకు! మన హీరోకి పెడదాం. కోడల్ని కాపాడబోయి వైరు తొక్కుతాడు,” అన్నారు. రచయితల వైపు తిరిగారు. సరిగ్గా నా వైపే వేలు చూపించారు. “నువ్వు రాయి. అచ్చం బల్లి రాసినట్టు ఉండాలి.”

రాశాను. చదివి పక్కన పడేశారు. “ఇందులో బల్లి దమ్ము లేదయ్యా. వాడిది చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. నీది చదివితే ఆవలింతలొస్తున్నాయి. వాణ్ణి చూసి నేర్చుకో!”

నా మీద నాకే అసూయ పుట్టింది. ఏం చేయను? బ్లాగు తెరిచి, బల్లిగా నేను రాసింది అక్షరం పొల్లుపోకుండా కాగితం మీదికి ఎక్కించి ఇచ్చాను. ఆయన మొహం వెలిగిపోయింది. “ఇదీ రాత! కాకపోతే మరీ కాపీ కొట్టావు. అక్కడక్కడ మార్చు.”

సీను తీసే రోజు వచ్చింది. హీరోగారి క్షేమం కోసం కొత్త వైరు తయారు చేయించారు. నల్లటి దళసరి రబ్బరు, మెరుపు, ఒక్క అతుకు లేదు. లోపల రాగి లేదు, కరెంటు రాదు. నీళ్లలో హీరోగారి కాలికింద దాన్ని పరిచారు. ఆ సీనుకు వాన ఎక్కువ కావాలన్నారు కాబట్టి రెండో ట్యాంకరు వచ్చింది. మెరుపులు ఎక్కువ కావాలన్నారు కాబట్టి రెండో లైటు వచ్చింది. రెండు లైట్లకూ కరెంటు తెచ్చే వైరు మాత్రం పాతదే. గోధుమరంగు టేపుదే. గోడ వెనక మోకాలిలోతు నీళ్లలో నిలబడి దాన్ని ఎత్తి పట్టుకున్నది పోనిమానే.

హీరో గిలగిలా కొట్టుకున్నాడు. కోడలు గుండెలు బాదుకుంది. యూనిట్ అంతా కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టింది. పోనిమాన్ చప్పట్లు కొట్టలేదు. చేతిలో వైరుంది.

ప్యాకప్ అయ్యాక అతను మేనేజరు దగ్గరికి వెళ్లడం చూశాను.

“సార్, ఆ కొత్త వైరు ఇప్పిస్తారా?”

“అందులో రాగి లేదయ్యా పిచ్చోడా. లైటెలా వెలుగుద్ది?”

“లైటుక్కాదు సార్. పైన రబ్బరు బాగుంది. కోసి మన వైరు అతుకులకి చుట్టుకుంటా.”

“అమ్మో! ముట్టుకోకు. ఫ్లాష్‌బ్యాకులో కావాలి.”

ఇప్పుడా వైరు అత్తగారి గిల్టు నగలతోపాటు అద్దాల బీరువాలో ఉంది. తాళం వేసి ఉంది. ఆ ఎపిసోడ్‌కు వచ్చిన రేటింగ్ చూసి బాపక్ బ్లాగు గురించి మంచిమాట కూడా అన్నారట: “బల్లి ఎవడోగానీ మన పాలిట అదృష్టమయ్యా. దొరికితే సన్మానం చేసి పంపించేద్దాం.”

చూశారా మరి ఆకాశరామన్న వల్ల ఎంత మేలో! నిజం బయటికి వచ్చింది, ఎవరి మనసూ నొప్పించలేదు, జనానికి కాలక్షేపం, కంపెనీకి లాభం. చెప్పినవాడి పేరు తెలియదు కాబట్టి జవాబు చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. ధర్మం నాలుగు పాదాల మీద నడిచింది.

ఇక ఉంటాను. ఇంతసేపూ మీరేం చేశారో నాకు తెలుసు. షుగరాయన రెండు పొట్లాలు తినడు, కాబట్టి ఆయన కాదనుకున్నారు. నవ్వేవాడు మీటింగులో నవ్వాడని చెప్పాను, కాబట్టి వాడూ కాదు. బట్టతలా, ఎడంచేతి వాటమా అన్న దగ్గర ఆగారు. కాస్త వెనక్కి వెళ్లి ఇంకో గుర్తు దొరుకుతుందేమో చూద్దామనుకుంటున్నారు. బాగుంది, మా బాపక్ మీటింగులో మీకూ ఒక కుర్చీ వేయించొచ్చు.

ఎటూ వెనక్కి వెళ్తున్నారు కదా, ఇంకొకటి కూడా చూసి రండి. ఆ వైరుకు అతుకులు ఎన్నని చెప్పాను?

పోనిమాన్‌కు చూడక్కర్లేదు, గుర్తుంది. రేపు పొద్దున కోడల్ని మళ్లీ గెంటేస్తున్నారు.