టైరు వెడల్పు ఫైలు

చక్రాన్ని కనిపెట్టినవాడు సగం పనే చేసి వెళ్ళిపోయాడు. అది గుండ్రంగా ఉండాలన్నాడు గానీ, ఎంత వెడల్పు ఉండాలో చెప్పలేదు. ఆ మిగతా సగం వేల ఏళ్ళు దిక్కులేకుండా పడి ఉండి, చివరికి అనుమతుల విభాగంలో ఇరవయ్యొక్కేళ్ళ అనుభవం ఉన్న నా నెత్తిన పడింది. (నా బల్ల మీదికి వచ్చిన ఏ ఫైలూ తొందరపడి బయటికి పోయిన దాఖలా లేదు.)

విషయం ఇది. మా అక్క ఊరికి దూరంగా మొక్కల నర్సరీ నడుపుతుంది. మెయిన్ రోడ్డు దిగాక నాలుగు కిలోమీటర్లు మట్టిదారి. వాన పడితే బురద, పడకపోతే గుంతలు. అక్క దగ్గరికి వెళ్ళిరావడానికని, రోజూ ఆఫీసుకూ పనికొస్తుందని, ఎత్తుగా ఉండే బండి ఒకటి కొన్నాను. కొన్నాక తెలిసింది, దానికున్న టైర్లు ఆ దారికి సరిపోవని. తెలియజేసినది బురద బాబాయి. ఫోన్లో మా బండ్లవాళ్ళ గ్రూపుకి ఆయనే పెద్దదిక్కు. ఆయన బండి మీద బురద చూసినవాళ్ళెవరూ లేరు గానీ, బురద గురించి ఆయనకు తెలియనిది లేదు.

వెంటనే ఫైలు తెరిచాను. 215, 235, 265 మిల్లీమీటర్ల టైర్లు అభ్యర్థులుగా నిలబడ్డాయి. సన్నటిది బురదను కోసుకుని కింది గట్టినేలను పట్టుకుంటుంది, కానీ ఇసుకలో దిగబడుతుంది. వెడల్పాటిది ఇసుక మీద హాయిగా పోతుంది, కానీ స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటుంది, పెట్రోలూ ఎక్కువే తాగుతుంది. (అక్క దారిలో ఇసుక లేదు. రేపెవరైనా తెచ్చి పోస్తే? అలాంటి అవకాశాన్ని కొట్టిపారేయరాదని నాలుగో నిబంధన స్పష్టంగా చెబుతోంది. నిబంధన రాసింది నేనే.) మధ్యది రెండు పనులూ అంతంతమాత్రంగా చేస్తుంది కాబట్టి గ్రూపులో సన్నటైర్లవాళ్ళూ వెడల్పు టైర్లవాళ్ళూ కలిసి దాన్ని తిట్టారు.

మా ఆవిడను అభ్యంతరాల అధికారిగా నియమించాను. ఆ పదవి ఆవిడకు కొత్తేమీ కాదు.

"ఏదో ఒకటి వేయించండి మహాప్రభో, వదిన ఎదురుచూస్తోంది" అంది.

అభ్యంతరంలో స్పష్టత లేదని తిప్పి పంపాను.

టైర్ల షాపతను మొదట్లో నన్ను చూసి కుర్చీ వేసేవాడు. తొమ్మిదోసారి వెళ్ళినప్పుడు కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు.

"సార్, రోజూ బండి ఎక్కడ తిప్పుతారు?"

"ఇంటి నుంచి ఆఫీసుకి. ఆరు కిలోమీటర్లు."

"దార్లో బురద, రాళ్ళు ఏమన్నా ఉంటాయా?"

"ఆఫీసు గేటు ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది."

అతను వంగి నా టైర్లను చేత్తో తడిమాడు. "ఇవి అరిగింది ఆఫీసుకి వెళ్ళి కాదు సార్, నా షాపుకి తిరిగి."

ఆ వానాకాలంలో అక్క కాలు జారి పడింది. మడమ దగ్గర ఎముక విరిగింది. ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఒక్కసారి వచ్చి పోరా. మంచం మీద పడుంటే ఏం తోచట్లేదు."

"ఈ వారం టైర్లు తేలిపోతాయక్కా. తేలగానే వస్తాను."

"టైర్లు ఎవడడిగాడ్రా, నిన్ను రమ్మన్నాను గానీ" అంది.

ఆ వారం గ్రూపులో 235కీ 265కీ మధ్య ఓటింగ్ పెట్టాం. ఓట్లు సరిసమానంగా వచ్చాయి. (నా ఓటు రెంటికీ వేశాను.) మరుసటి వారం మా ఆవిడ నాకు చెప్పకుండా పాల వ్యానెక్కి అక్కను చూసి వచ్చింది.

"ఆ బురదలో వ్యాను ఎలా వెళ్ళింది?" అని అడిగాను.

"ముందుకి వెళ్ళింది."

"టైరు వెడల్పెంత?"

"మీ కోసం అదీ అడిగాను. 'నాకేం తెలుసమ్మా, పాలు విరిగేలోపు చేరాలి, అంతే' అన్నాడు డ్రైవరు. మీ అక్క మాత్రం, తమ్ముడి టైర్లు తేలాయా అని రెండుసార్లు అడిగింది."

ఆ రోజు నాకు నిజంగానే సిగ్గేసింది. చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పుతూ, సీటు పట్టుకుని వీధంతా వెనకాల పరుగెత్తింది అక్కే. ఆ సైకిలు టైరు నా బొటనవేలంత ఉండేది. అదెంతో కొలవాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. సిగ్గేసిన విషయం ఫైల్లో నమోదు చేసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

అక్క కాలు సరిగ్గా అతుక్కోలేదు. ఒక్కత్తే నీళ్ళు మోయలేక, ఇరవై ఏళ్ళు పెంచిన నర్సరీ ఎత్తేసింది. పోయిన వారం మా వెనక వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకుని ఫోన్ చేసింది.

"ఇక నీకు టైర్ల గొడవ లేదురా. నేనే వచ్చేశాను. నడిచి రా."

మేడ మీదికెక్కి దారిని పరిశీలించాను. మా గేటు నుంచి నూట నలభై అడుగులుంటుంది. మొత్తం సిమెంటు రోడ్డే. ఒక్కచోట మాత్రం కుళాయి కారి కొద్దిగా బురదైంది. అవతల అక్క పొద్దున్నే తలుపు తెరిచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది.

చెప్పుల వెడల్పు పరిశీలనలో ఉంది.