రేకు ఎంతుంటే ముక్క గంతే

ఆ బుధవారం సింధూజ తొమ్మిదిన్నర బోధన్ బస్సు ఎక్కాలనుకుంది. పదకొండింటికి అక్కడి కాలేజీలో డెమో పాఠం. మూడేళ్లుగా ఆమె అక్కడ జీవశాస్త్రం గెస్ట్ లెక్చరర్. ఈ ఏడాది ఉన్న ఒక్క పోస్టుకు నితీష్ అనే కొత్తాయన కూడా దరఖాస్తు పెట్టాడు. పాఠం నచ్చితే ఉద్యోగం ఉంటుంది. నచ్చకపోతే నిజామాబాద్‌లోని ఇంట్లో తల్లి అంజవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టుకోవాలి. పక్షం రోజులుగా సింధూజకు అన్నం సయించడం లేదు.

పాఠం చిన్న ఆర్ఎన్ఏల గురించి. కణంలో పొడుగాటి ఆర్ఎన్ఏ పోగు ఒకటి తన మీద తానే మడత పడి జడపిన్నులా నిలుస్తుంది. డైసర్ అనే ఎంజైమ్ వచ్చి, దాదాపు ఇరవై రెండు రసాయన అక్షరాల కొలతకు దాన్ని కత్తిరిస్తుంది. ఆ ముక్కే తర్వాత ఏ జన్యువు నోరు మూయించాలో చూసుకుంటుంది. ఇదంతా సింధూజకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. చిక్కల్లా నోటీసులోని చివరి వాక్యంతో వచ్చింది: బోధనోపకరణం స్థానికంగా దొరికే వస్తువులతోనే తయారు చేయాలట. ఆ ఇంట్లో దండిగా దొరికేది బీడీలు చుట్టే తునికాకు. నాలుగు రోజులు కూర్చుని ఆకుకు ఆకు కుట్టి, తెల్లరంగుతో అక్షరాలు రాసి, మడిచి, ఎదురెదురు అక్షరాలను దారంతో ముడివేసింది. పొద్దుటికి ఎండి విరగకుండా తడి గోనెగుడ్డలో చుట్టి గోడవారగా పెట్టింది.

బీడీ ఆకును రాత్రే తడి గోనెగుడ్డలో చుట్టి ఉంచే ఆ ఇంట్లో, అందులో ఏది కనబడినా నలభై ఏళ్లుగా తెల్లారగానే కత్తెరకు ఎక్కాల్సిందే. సింధూజ స్నానం చేసి వచ్చేసరికి అంజవ్వ పక్కింటి రోజాతో ముచ్చట పెడుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"అవ్వా! ఏం జేస్తున్నవే?"

"ఆకు కోస్తున్న బిడ్డా. గీసారి కార్ఖానోళ్లు ఏం ఆకిచ్చిండ్రో ఏమో, అన్నిటికి సున్నం మరకలే."

"అది సున్నం గాదే, నా పాఠం!"

కత్తెర ఆగింది. అప్పటికే ఆర్ఎన్ఏ మొత్తం ఒకే కొలత ముక్కలై చాటలో దొంతి పెట్టి ఉంది.

"ఒక్క తీరుగనే కోసిన బిడ్డా," అంది అంజవ్వ మెల్లగా.

ఏడవడానికి కూడా టైము లేదు. బస్సులో కూర్చుని కుట్టుకుందామని ఆ ముక్కలన్నీ సంచిలో వేయమంది సింధూజ. అంజవ్వ వేసింది. అయితే కంగారులో పక్కనున్న ఇంకో సంచి అందించింది. దారిలో ఎడపల్లి దాటాక విప్పి చూస్తే అందులో కార్ఖానాకు పోవలసిన బీడీ కట్టలున్నాయి.

"అవ్వా, నా ముక్కలేవే?" ఫోన్లో అడిగింది సింధూజ.

"అయ్యో, గా సంచి రోజా కార్ఖానకు పట్కపోయింది బిడ్డా!"

"ఇగ నా పని అయిపోయిందే."

"గట్లనకు. కార్ఖానకు పోయి నేనే తెస్త."

తల్లి తెచ్చేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని సింధూజకు తెలుసు. బస్సు దిగి, మోయలేక మోస్తూ ఆ సంచితోనే కాలేజీ గేటు చేరింది. అక్కడ వాచ్‌మన్ ఆత్మారాం ముక్కు ఎగబీల్చాడు. ఆవరణలో పొగాకు నిషేధమని బోర్డు పెట్టి ఏడాదైనా ఇంతవరకు ఆయనకు ఒక్కరూ చిక్కలేదు.

"మేడం, సంచిల ఏమున్నది? తంబాకు వాసనొస్తున్నది."

"అవి నావి కావు అన్నా."

"దొరికినోళ్లందరు గదే అంటరు మేడం," అని సంచి లాక్కుని ప్రిన్సిపాల్ గదికి పరుగుతీశాడు.

వార్త మెట్లెక్కుతూ పెరిగింది. కింద వరండాలో సింధూజ మేడం సంచిలో బీడీలు దొరికాయన్నారు. స్టాఫ్ రూములో ఆమె బీడీలు అమ్ముతోందన్నారు. పై అంతస్తుకు చేరేసరికి ఆమె ఉద్యోగం వదిలి బీడీల ఏజెన్సీ పెట్టేసింది. డెమో ముగించుకుని బయటికి వస్తున్న నితీష్ ఎదురుపడి, ఎంతో మర్యాదగా చేయి కలిపాడు.

"వ్యాపారం మంచిగ నడవాలె మేడం. నాకు అడ్డం తొలిగిండ్రు, థ్యాంక్స్."

ఆమె చేయి విడిపించుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. కమిటీలో ఇద్దరే: ప్రిన్సిపాల్ లత, యూనివర్సిటీ నుంచి వచ్చిన పరమేశ్వర్ సార్. ఆయన అప్పటికే చిరాగ్గా ఉన్నాడు. నితీష్ లాప్‌టాప్‌లో రంగురంగుల వీడియోలు చూపించాడట. స్థానిక వస్తువు ఏదయ్యా అంటే, లాప్‌టాప్ నిజామాబాద్‌లోనే కొన్నానన్నాడట.

"మీ మోడల్ ఏదమ్మా?" అడిగాడు పరమేశ్వర్ సార్.

"తెగిపోయింది సార్."

"తెగిన ముక్కలైనా ఏవి?"

"కార్ఖానాకు పోయాయి సార్."

లత మేడం బల్ల మీది బీడీ సంచిని, సింధూజను మార్చి మార్చి చూసి మార్కుల కాగితం మీద సున్నా పెట్టింది. సింధూజకు మూడేళ్ల చాకిరీ సున్నాతో ముగిసిపోతుంటే చూస్తూ నిలబడడం కన్నా నరకం లేదు.

అప్పుడు తలుపు తోసుకుని అంజవ్వ వచ్చింది. చంకలో చాట, చేతిలో కత్తెర, కోయని ఆకు, ముక్కల సంచి, వెనక రొప్పుతూ ఆత్మారాం. "గీమెను గూడ పట్టుకున్న మేడం!" అన్నాడు గర్వంగా.

"బిడ్డది తప్పు లేదు సారూ," అంజవ్వ చేతులు జోడించింది. "నేనే ఎరుక లేక కోసిన."

పరమేశ్వర్ సార్ ఒక ముక్క అందుకున్నాడు. తెల్లని అక్షరాలు చూశాడు. ఇంకో ముక్క దాని పక్కన పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇంత పొడుగు ఆకు ఎందుకొచ్చిందని చూడలేదా అమ్మా?"

"పొడుగుతోటి నాకేం పని సారూ? రేకు ఎంతుంటే ముక్క గంతే." ఆమె కొంగుముడిలోంచి ఆకు కోతకు వాడే కొలత రేకు తీసి ఆకు కొసకు ఆనించి చూపింది. "కొసకు పెట్టాలె, కొయ్యాలె. మిగిలింది పారెయ్యాలె."

సింధూజ తలెత్తింది. నాలుగు రోజులు కుట్టినా తాను చూపలేనిది తల్లి ఒక్క మాటలో చెప్పేసింది.

"సార్, డైసర్ చేసేది కూడా ఇదే!" అంది. "అది కొసను పట్టుకుని కొలుస్తుంది. దాని ఒంట్లోనే ఈ రేకు ఉంటుంది." ఆ తర్వాత ఆమె ఆగలేదు. తల్లి కోస్తుంటే తాను చెబుతూ పోయింది. ఆత్మారాం కూడా గుమ్మంలో చతికిలబడి విన్నాడు.

"సరే, తెగాక జంట పోగులుంటాయి కదా. ఏది ఉంచుకోవాలో, ఏది పారేయాలో ఎలా తెలుస్తుంది?" పరమేశ్వర్ సార్ మెలిక పెట్టాడు.

సింధూజ జవాబు మొదలుపెట్టేలోగా అంజవ్వ దారంతో కట్టిన రెండు ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముడి వదులుగ ఏ దిక్కున్నదో గా దిక్కుంచి ఇప్పుతం సారూ. గట్టి ముడి తోటి ఎవరు కొట్లాడుతరు?"

"అవును సార్! వదులుగా ఉన్న కొస ఏ పోగుకు మొదలైతే ఎక్కువగా ఆ పోగే మిగులుతుంది!" సింధూజ దాదాపు అరిచింది.

పరమేశ్వర్ సార్ బల్ల చరిచాడు. ఉద్యోగం అక్కడే ఖాయమైంది. లత మేడం కాగితం మీది సున్నా పక్కన ఇంకో సున్నా పెట్టి, ముందు ఒకటి వేసింది. సింధూజ తల్లి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఒక్క షరతు," అన్నాడు పరమేశ్వర్ సార్. "సోమవారం జిల్లా లెక్చరర్లందరికీ ఇదే పాఠం చెప్పాలి. బయటివాళ్లు రాకూడదు, మీ అమ్మగారు ఉండరు కాబట్టి కోత మీరే కోయాలి. తెగిన ముక్కను ఇంకో ప్రోటీన్ ఒడిసి పట్టుకోవడం కూడా బీడీ చుట్టి చూపించాలి."

"తంబాకు లేకుండా," అంది లత మేడం.

అలా సింధూజ ఆదివారమంతా చాట ఒళ్లో పెట్టుకుని, తంబాకుకు బదులు ఉప్మారవ్వ పోసి, నడుము పడిపోయేదాకా నలభై బీడీలు చుట్టింది. అంజవ్వ రవ్వ కారుతున్న ఆ బీడీలను ఒక్కొక్కటే వేళ్ల మధ్య తిప్పి చూసి, బిడ్డ ఉద్యోగం నిలబడడమే మంచిదైందని ఒప్పుకుంది.